ముందు చక్రం మీద రెండో చెయ్యి

2004 నవంబరు 23, మంగళవారం ఉదయం ఆరుంబావుకు, బందరు నుంచి చల్లపల్లి వెళ్లే రోడ్డులో ఒక కాలవ మలుపు దగ్గర మోటారు సైకిలు ఒకటి గట్టు రాళ్లకు కొట్టుకుని నీళ్లలో పడింది. నడుపుతున్న మాణిక్యం అక్కడికక్కడే చనిపోయాడు. గిలకలదిండిలో రెండు మరబోట్ల యజమాని.

అదే సమయానికి మలుపులో వరిగడ్డి ట్రాక్టరు తిరుగుతోంది. దాని డ్రైవరు పోలీసులకు చెప్పిన మాట: "నన్ను చూశాడండి. చెయ్యీ కాలూ రెండూ బిగించాడు. బండి ఆగలేదు." రోడ్డు మీద వెనక టైరు ఈడ్చిన గీత ఉంది. ముందు టైరు గీత లేదు.

అంతకు ముందు ఆదివారం ఆ బండి ముందు బ్రేకులో పాత ఆయిలు తీసి కొత్తది పోసినవాడు మాణిక్యం బావమరిది రమణ. మెకానిక్కు షెడ్డులో కాదు, ఇంటి దగ్గర, తన సామాన్లతో. బుధవారం సాయంత్రం పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. పెట్టింది హత్య కేసు. గురువారం సాయంత్రంలోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

మాణిక్యం భార్య ప్రసన్నలక్ష్మి విజయవాడకు ఫోన్ చేసింది. "మనిషి పోయాడండీ. ఇప్పుడు నా తమ్ముణ్ణి తీసుకుపోయారు. వాడు చెయ్యలేదు. మీరొచ్చి చూడండి" అని, ఇంకేమీ చెప్పలేక పెట్టేసింది. గురువారం పొద్దున్నే ప్రైవేటు డిటెక్టివ్ శ్రీదుర్గ స్టేషన్లో సర్కిల్ ఇన్‌స్పెక్టరు భానుప్రకాష్ ఎదురుగా కూర్చుంది.

శ్రీదుర్గకు స్కూటరు నడపడం వచ్చు. బ్రేకులో ఆయిలు ఉంటుందని ఆమెకు తెలిసింది వచ్చేటప్పుడు బస్సులోనే, పక్క సీటాయన చెబితే.

"చూడండి మేడమ్, హంతకుడి సామాను" అన్నాడు భానుప్రకాష్.

టేబుల్ మీద ఎనిమిదో నంబరు రింగు స్పానరు, స్టార్ స్క్రూడ్రైవరు, మూరెడు ప్లాస్టిక్ గొట్టం, సూది లేని సిరంజి, ఖాళీ కూల్‌డ్రింకు సీసా, సగం వాడిన బ్రేకు ఆయిలు డబ్బా ఉన్నాయి.

"బండి రిపేరుకి సిరంజి దేనికండీ? బండికి జ్వరం వచ్చిందా?"

"ఆ అబ్బాయినే అడుగుదాం" అంది శ్రీదుర్గ.

"డి.ఎస్.పి. గారు చెప్పారు కాబట్టి అడగండి. నా ఎదురుగానే అడగాలి."

రమణను తీసుకొచ్చారు. ముప్ఫై లోపు మనిషి. ముదినేపల్లిలో చేపల మేత అమ్మే కొట్లో పనిచేస్తాడు. రాత్రి నిద్రలేదని కళ్లు చెబుతున్నాయి.

"ఈ పని నీకెవరు నేర్పారు?" అడిగింది శ్రీదుర్గ.

"బండితో ఇచ్చిన పుస్తకం చదివానండి. రెండేళ్లకోసారి ఆయిలు మార్చాలని ఉంది. షెడ్డుకిస్తే బావ పూట కూడా బండి లేకుండా ఉండలేడు. అందుకని ఇంటి దగ్గరే చేస్తానన్నాను."

"ఈ స్పానరే ఎందుకు?"

"మొదట మా కొట్లో స్లైడు స్పానరు చూశానండి. అది రెండు పక్కలే పట్టుకుంటుంది. ముందు చక్రం దగ్గర ఆయిలు వదిలే నిపుల్ చిన్నది, మెత్తటి లోహం. పట్టు జారిందంటే మూలలు అరిగిపోతాయి. రింగయితే ఆరు మూలలూ పట్టుకుంటుంది. దీనికోసమే గుడివాడ వెళ్లాను. ఆయిలు కూడా అక్కడే. మొదట వేరే నంబరు డబ్బా ఇచ్చాడు. బండికున్న ఆయిలు డబ్బా మూత మీద నాలుగో నంబరని ఉంది, మళ్లీ వెళ్లి మార్పించాను."

"గొట్టం?"

"చేపపిల్లల సంచుల్లోకి ఆక్సిజన్ పట్టే గొట్టమండి. నిపుల్‌కి తగిలించి రెండో కొస సీసాలో ఆయిల్లో ముంచాలి. బుడగలు వస్తున్నాయో లేదో కనబడుతుంది."

"సిరంజి సంగతి చెప్పు" అన్నాడు భానుప్రకాష్.

"హ్యాండిల్ మీద చిన్న డబ్బా ఉంది కదా సార్, అందులో పాత ఆయిలు తోడడానికి. గుడ్డతో అద్దితే నూలు పోగులు పడతాయి."

"వింటున్నారా మేడమ్? బావగారి డబ్బాలో నూలు పోగు పడకూడదంట. బావగారు మాత్రం కాలవలో పడొచ్చు."

శ్రీదుర్గ స్పానరు రమణ ముందుకు జరిపింది.

"మొదటినుంచీ చెప్పు. ఏ చెయ్యి ఎక్కడ పెట్టావో కూడా."

"కుళాయి దగ్గర బండి నిలబెట్టానండి. పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకున్నాను. ఆ ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, పడగానే కడిగెయ్యాలి. బ్రేకు లీవరు నొక్కి పట్టుకోవాలి. పట్టుకునే నిపుల్ వదలాలి. ఆయిలు వస్తుంది. నిపుల్ బిగించాకే లీవరు వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా లీవరు వదిలితే గాలి లోపలికి లాక్కుంటుంది. అక్క లీవరు పట్టుకుంటానంది కానీ మధ్యలో ఎవరో పిలిస్తే లోపలికెళ్లింది. నేనే రెండు చేతులూ చాపి చేసుకున్నాను."

"చివరికి బ్రేకు పట్టిందా?"

"గట్టిగా పట్టిందండి. పైన డబ్బాలో పై గీత దాకా పోసి మూత బిగించాను. బావ ఒక చుట్టు తిరిగొచ్చి బాగుందన్నాడు."

భానుప్రకాష్ కుర్చీ వెనక్కి జరిపాడు. "పై గీత దాకా పోశావు. మేము చూసేసరికి ఆయిలు అడుగున ఉంది. నిపుల్ బిగించే ఉంది, గొట్టాలెక్కడా పగల్లేదు, కారిన మరక లేదు. ఆయిలు ఎక్కడికి పోయిందిరా?"

"నాకూ అర్థం కావట్లేదు సార్."

"నాకు అర్థమైంది. పొయ్యనే లేదు. బావ పోతే బోట్లు అక్కకొస్తాయి, అక్కకొస్తే నీకొస్తాయి."

"నాకు బోట్లెందుకు సార్? నాకు సముద్రమంటేనే పడదు" అన్నాడు రమణ.

బండిని స్టేషన్ వెనక రేకుల షెడ్డులో పెట్టారు. శ్రీదుర్గ ముందు చక్రం దగ్గర కూర్చుని రమణ స్పానరును నిపుల్‌కు తగిలించింది. స్పానరు పట్టుకోలేదు. ఊరికే గుండ్రంగా తిరిగింది. నంబరు తప్పేమోనని చూసుకుంది. ఎనిమిదే. టార్చి వేసింది. నిపుల్‌కు ఆరు మూలలు లేవు. అరిగి గుండ్రబడ్డాయి. వాటి మీద అడ్డంగా సన్నటి గాట్లు వరసగా ఉన్నాయి.

పైన డబ్బా మూత చూసింది. మూతకున్న రెండు స్క్రూల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. ఒకే బండి మీద, పైన అంత శుభ్రమైన పని, కింద ఇంత మోటు పని. ఆమెకు పొంతన కుదరలేదు.

"ఇవి కటింగ్ ప్లయరు పళ్లు" అంది.

"అయితే?"

"రింగుతో పనిచేసినవాడు ప్లయరు ఎందుకు పట్టుకుంటాడు?"

"రింగుతో వదిలాడు, ప్లయరుతో బిగించాడు. ప్లయరు కాలవలో పారేశాడు."

"స్పానరు దాచుకుని ప్లయరు పారేశాడా?"

"మేడమ్, నేను మనిషిని పట్టుకున్నాను. మీరు ప్రశ్నలు పట్టుకున్నారు. మేజిస్ట్రేటుగారికి కావాల్సింది మనిషి" అన్నాడు భానుప్రకాష్. వెళ్తూ వెనక్కి తిరిగి, "సాయంత్రం దాకా మీ ప్రశ్నలు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు.

గిలకలదిండిలో మాణిక్యం ఇల్లు చుట్టాలతో నిండి ఉంది. ప్రసన్నలక్ష్మి లోపలి గదిలోంచి లేచి వచ్చింది. ఆమె అత్త సత్యవతమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ప్రసన్నలక్ష్మి కుళాయి చూపించింది. చుట్టూ సిమెంటు గచ్చు. మరక లేదు. "ఇక్కడే చేశాడండీ. అయ్యాక గచ్చంతా కడిగి వెళ్లాడు."

"బండి ఎప్పుడూ ఎక్కడ పెడతారు?"

"వరండాలో. ఆ చెక్క మీదుగా ఎక్కిస్తారు."

మెట్ల మీద వాలుగా వేసిన చెక్క అది. విప్పేసిన పాత బోటు పలక, నీలం పెయింటు ఇంకా ఉంది. దాని పై కొస వరండాలోకి వచ్చింది. ముందు చక్రం నిలబడేది అక్కడే. శ్రీదుర్గ వంగి చూసింది. ఆ కొస మీద అరచెయ్యంత మేర నీలం పెయింటు ముడతలు పడి లేచిపోయి ఉంది. గోటితో తాకితే పొరగా ఊడొచ్చింది. పలకలో మిగతా చోట పెయింటు గట్టిగానే ఉంది.

"రమణ ఇక్కడ కూడా ఏమైనా చేశాడా?"

"లేదండీ. వాడు ఆదివారం సాయంత్రమే ముదినేపల్లి వెళ్లిపోయాడు."

"ఆదివారం తరవాత బయటివాళ్లు ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదండీ. సోమవారం మధ్యాహ్నం ఆయన పడుకున్నారు, అత్తయ్య పక్కింట్లో ఉంది. నేను ఇంట్లోనే ఉన్నాను."

పెయింటు లేపింది బ్రేకు ఆయిలే. అయితే రమణ ఆయిలు పోసిన మాట నిజమే. ఎవరో ఇక్కడే తీశారు. రమణ ఇక్కడ లేడు. బయటివాళ్లు రాలేదు. శ్రీదుర్గ ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండూ నిజమైతే ఈ ముడతలు ఎలా వచ్చాయో తెలియదు.

"మాణిక్యంగారికి ఎవరితోనైనా గొడవుందా?"

ప్రసన్నలక్ష్మి కాస్త ఆలోచించింది. "బాలస్వామితో పడలేదండీ. చిన్న బోటు డ్రైవరు. పెద్ద బోటు తనకిమ్మన్నాడు. ఈయన ఇవ్వనన్నారు. రేవులో అందరి ముందూ అరుచుకున్నారు."

రేవులో బాలస్వామి చిన్న బోటు ఇంజను గదిలో ఉన్నాడు. శ్రీదుర్గ ఎవరో తెలిసినా పైకి రాలేదు.

"మాట్లాడుతూనే ఉండండమ్మా, వింటాను. ఇది మొరాయించింది."

"సోమవారం ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటానండి, నీళ్ల మీద. ఆదివారం తెల్లారకుండా వెళ్లాం. బుధవారం పొద్దున్న వచ్చాం. మాణిక్యం బావ పోయిన సంగతి గట్టు మీద ఐసు బండి వాళ్లు చెబితే తెలిసింది. మా ఆరుగుర్నీ అడగండి. వేలం పాటలో కొన్నోళ్లని అడగండి."

ఆమె అడిగింది. ఐసు బండివాడు అదే చెప్పాడు. చేపలు కొన్న సంతోషమ్మ అదే చెప్పింది. "వాడు పెద్ద నోరేనమ్మా, చెయ్యి మాత్రం మంచిది" అని కూడా చెప్పింది.

శ్రీదుర్గ మళ్లీ బోటు దగ్గరికొచ్చింది. బాలస్వామి చేతిలో కటింగ్ ప్లయరు ఉంది. దాని నోటి పళ్లు నిపుల్ మీది గాట్లలాగే సన్నగా, వరసగా ఉన్నాయి. కానీ సోమవారం ఈ మనిషి సముద్రం మీద ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"గాలి తీస్తున్నానమ్మా. డీజిలు గొట్టంలో గాలి దూరితే ఇంజను కుదుపుతుంది, ఆగిపోతుంది."

అతను ఒక చేత్తో నట్టు వదిలాడు. రెండో చేతి బొటనవేలితో చిన్న పంపును నొక్కుతూ వదులుతూ పోయాడు. నట్టు పక్కనుంచి నురగతో డీజిలు కారింది. కాసేపటికి నురగ ఆగి ఉత్త డీజిలు వచ్చింది. అప్పుడు నట్టు బిగించాడు. ఇంజను అందుకుంది.

శ్రీదుర్గ చూసింది అతని ఎడమ చేతిని. అంతసేపూ అది నట్టును తెరిచే ఉంచింది.

"నొక్కి వదిలే ప్రతిసారీ బిగించవా?"

"మధ్యలో బిగిస్తే గాలెట్టా పోద్దమ్మా?" అని నవ్వాడు బాలస్వామి.

నిపుల్ బిగించాకే లీవరు వదలాలని రమణ చెప్పాడు. తెరిచి ఉండగా వదిలితే గాలి లోపలికి పోతుంది. బోటు ఇంజనుకు పైనుంచి డీజిలు అందుతూనే ఉంటుంది, గాలి పీల్చదు. బ్రేకును ఎవరో బోటు ఇంజను అనుకుని గాలి తీశారు. నొక్కిన కొద్దీ ఆయిలు బయటికొచ్చింది, వదిలిన కొద్దీ గాలి లోపలికెళ్లింది. పై డబ్బా మూత ఆ చెయ్యి ముట్టుకోనేలేదు.

"ఈ పని ఎవరెవరికి వచ్చు?"

"బోటు మనుషులందరికీ వచ్చమ్మా."

"రమణకి?"

"ఆ బాబుకా? గట్టు కనబడుతుండగానే వాంతి చేసుకుంటాడు. ఇంజను గది మొహం కూడా చూళ్లేదు."

"మాణిక్యం ఇంట్లో?"

"బావకి వచ్చు. బావకంటే మా లక్ష్మక్క చెయ్యి మంచిదమ్మా. బోటు రేవులో కట్టేసి ఉంటే అడుగునీళ్లు తోడాలి కదా, ఇంజను వేసేది అక్కే. నేను గంట కుస్తీ పట్టింది కూడా అక్క వచ్చి ఇట్టే గాలి తీసేసేది. మాలో సగం మందికి నేర్పింది ఆవిడే."

మధ్యాహ్నం శ్రీదుర్గ మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. వాకిట్లో కాసేపు నిలబడింది. తనను పిలిపించింది ఎవరో, ఎందుకో గుర్తు చేసుకుని లోపలికెళ్లింది.

"లక్ష్మిగారూ, సోమవారం మీరు బండికి గాలి తీశారా?"

"తీశానండీ" అంది ప్రసన్నలక్ష్మి వెంటనే.

"పొద్దున్న చెప్పలేదే?"

"మీరు బయటివాళ్లెవరైనా వచ్చారా అని కదండీ అడిగారు. అయినా నేను బాగుచేశాను. బాగుచేసింది ఏం చెప్పను?"

"ఎందుకు తీశారు?"

"సోమవారం పొద్దున్న ఆయన రేవు నుంచి వస్తూనే చిందులు తొక్కారండీ. వేలం షెడ్డు ముందు తడి మీద ముందు బ్రేకు ముట్టుకుంటే కుదిపి పడేయబోయిందంట. మీ తమ్ముడు నా బండి పాడుచేశాడు, వాణ్ణి మళ్లీ గుమ్మం తొక్కనివ్వనన్నారు. కుదుపుతోందంటే గాలి ఉన్నట్టే కదా? వాడు పిల్లోడు, గాలి సరిగ్గా తీసి ఉండడనుకున్నాను. ఆయన పడుకున్నాక తీసేశాను. వాడు మాట పడకుండా ఉంటాడని ఆయనకి చెప్పలేదు."

"దేంతో తీశారు?"

ఆమె వంటింట్లోకి వెళ్లి కటింగ్ ప్లయరు తెచ్చింది. దాని పిడులకు మసి పట్టి ఉంది. వేడి గిన్నెలు దించడానికి వాడుతుంది.

"మర్నాడు పొద్దున్న బ్రేకు బాగుందన్నారా?"

"ఏమీ అనలేదండీ. ఆయన ఎప్పుడూ కాలి బ్రేకే. చేతి బ్రేకు భయం." ఆమె ఆగింది. "మేడమ్‌గారూ, నేను వెళ్లి చెబితే తమ్ముణ్ణి వదిలేస్తారా? ఆయిలు వాడు తక్కువ పొయ్యలేదు, తీసింది నేను అని?"

"వదిలేస్తారు. కానీ మీరు ముందు ఒక లాయరుతో మాట్లాడితే మంచిది."

"నిజం చెప్పడానికి లాయరెందుకండీ?"

"మీకు ఇబ్బంది రావచ్చు."

"పోయినాయన పోయాడు. నాకు ఇంతకంటే ఇబ్బందేం వస్తుంది?"

ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే సత్యవతమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "పదకొండో రోజు కాకుండా గడప దాటుతావా?"

"వాడు జైల్లో ఉంటే దినమేం పెడతాను అత్తయ్యా" అంది ప్రసన్నలక్ష్మి. దాటింది.

భానుప్రకాష్ అంతా విని పెన్ను మూత పెట్టాడు.

"తమ్ముడి కోసం అక్క కట్టిన కథ. బాగుంది. మీరు చెప్పించారా మేడమ్?"

"చేసి చూపిస్తుంది. చూడండి."

"ఏదీ, చెయ్యమనండి. మా రైటరు బండీ ఇదే రకం."

రైటరు బండిని ముందు వాకిట్లోకి తెచ్చారు. భానుప్రకాష్ బ్రేకు లీవరు నొక్కాడు. సగం దూరంలో గట్టిగా ఆగింది. రైటరునూ నొక్కమన్నాడు. అక్కడే ఆగింది. కోర్టుకు తీసుకెళ్లడానికి రమణను వరండాలోకి తీసుకొచ్చారు. పక్కన కానిస్టేబులు ఉన్నాడు.

ప్రసన్నలక్ష్మి చీర కొంగు దోపుకుని ముందు చక్రం పక్కన కూర్చుంది. ప్లయరుతో నిపుల్ వదిలింది. ఎడమ చెయ్యి ప్లయరు మీదే ఉంచి కుడి చెయ్యి పైకి చాపి లీవరు అందుకుంది. నొక్కింది. వదిలింది. నొక్కింది. వదిలింది. ఆయిలు చక్రం పక్కనుంచి కారి నేల మీద పడింది.

వరండాలో రమణ ముందుకొచ్చాడు.

"అక్కా, ఆపు."

"నువ్వుండరా. అయిపోవచ్చింది."

"అక్కా, వద్దు. లే అక్కడనుంచి." అతను భానుప్రకాష్ వైపు తిరిగాడు. "సార్, నేనే చేశాను. ఆయిలు నేనే తక్కువ పోశాను. రాసుకోండి, సంతకం పెడతాను."

భానుప్రకాష్ అతని వైపు చూడలేదు. ప్రసన్నలక్ష్మి చెయ్యినే చూస్తున్నాడు. శ్రీదుర్గ కూడా.

"వీడేంటండీ, చెయ్యనిది చేశానంటాడు" అంది ప్రసన్నలక్ష్మి. ఇంకో నాలుగుసార్లు నొక్కి వదిలింది. నిపుల్ దగ్గర వేలు పెట్టి చూసింది. ఆయిలు బుడగ లేకుండా వస్తోంది. ప్లయరుతో గట్టిగా బిగించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచింది.

"చూసుకోండి. ఇంక ఇందులో గాలి లేదు."

భానుప్రకాష్ బండి దగ్గరికి నడిచాడు. లీవరు మీద నాలుగు వేళ్లూ వేసి నొక్కాడు.

లీవరు ఎక్కడా ఆగకుండా వెళ్లి హ్యాండిల్‌కు ఆనింది.